పోలండ్: తూర్పుకు పాకి, మాయమై, పడమరకు జరిగిన దేశం

క్రీ.శ. 1000 నాటి పోలండ్ మ్యాప్‌నీ 1945 తర్వాతి మ్యాప్‌నీ ఒకదాని మీద ఒకటి పెడితే రెండూ దాదాపు సరిపోతాయి. పడమర ఓడర్ నది, ఉత్తరాన బాల్టిక్ సముద్రం, దక్షిణాన కార్పేతియన్ కొండలు, తూర్పున బుగ్ నది దరిదాపులు. వెయ్యేళ్లు కదలకుండా కూర్చున్న దేశమేమో అనిపిస్తుంది. కానీ 17వ శతాబ్దం మొదట్లో ఇదే పోలండ్, లిథువేనియాతో కలిసి, దాదాపు 10 లక్షల చదరపు కిలోమీటర్ల రాజ్యం. కీవ్, మిన్స్క్, విల్నియస్ అన్నీ దాని లోపలే ఉండేవి. 1795 వచ్చేసరికి ఆ దేశం మ్యాప్‌లో లేనే లేదు. 123 ఏళ్ల పాటు లేదు. 1918లో మళ్లీ లేచింది, 1939లో మళ్లీ పోయింది, 1945లో కనిపించేసరికి దేశం దేశమే సుమారు 200 కిలోమీటర్లు పడమరకు జరిగి ఉంది.

ఎందుకిలా అంటే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటుంది. అటు జర్మనీ, ఇటు రష్యా, మధ్యలో అడ్డూ ఆపూ లేని మైదానం, కాబట్టి వచ్చినవాడల్లా తొక్కుకుంటూ పోయాడు అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అదే మైదానంలో పోలండ్ రెండు వందల ఏళ్లకు పైగా పెద్దరికం చేసింది. 1610లో పోలిష్ సైన్యం వెళ్లి మాస్కో క్రెమ్లిన్‌లోనే కూర్చుంది. మైదానం మారలేదు కదా! మారింది వేరే ఉంది. అది తెలియాలంటే ఈ దేశం తూర్పుకు ఎందుకు వెళ్లిందో, అక్కడ ఎలాంటి రాజ్యం కట్టుకుందో చూడాలి.

పునాది పడిన చోటు

ప్రాచీన కాలం గురించి రూఢిగా చెప్పగలిగేది కొంచెమే. బాల్టిక్ తీరంలో దొరికే అంబర్ (గట్టిపడిన పురాతన చెట్ల జిగురు) కోసం రోమన్లు ఇంత దూరం వచ్చేవాళ్లు. నీరో చక్రవర్తి కాలంలో ఒక రోమన్ ఆ తీరం దాకా వెళ్లి అంబర్ తెచ్చాడని ప్లినీ రాశాడు. గోత్‌లు, వాండల్‌లు ఇక్కడ కొన్ని తరాలు ఉండి వెళ్లిపోయారు. స్లావ్ తెగలు 6వ శతాబ్దం ప్రాంతంలో స్థిరపడ్డాయి.

ఒక్క బిస్కూపిన్ కథ మాత్రం చెప్పుకోవాలి. 1933లో ఆ ఊరి సరస్సు ఒడ్డున, క్రీ.పూ. 8వ శతాబ్దపు కొయ్యకోట బురదలో చెక్కుచెదరకుండా బయటపడింది. ఇది మా పూర్వీకులైన స్లావ్‌లదే అన్నారు పోలిష్ పండితులు. యుద్ధకాలంలో ఆ ప్రాంతాన్ని ఆక్రమించిన నాజీలు తామూ తవ్వి, ఇది జర్మానిక్ తెగలదే అని వాదించారు. ఆ కోట కట్టినవాళ్లు ఏ భాష మాట్లాడారో చెప్పే ఆధారమే లేదు. 2,700 ఏళ్ల కిందటి దుంగలు వచ్చి 20వ శతాబ్దపు సరిహద్దు తగాదాలో సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది.

రాతపూర్వక చరిత్ర మియెష్కో అనే రాజుతో మొదలవుతుంది. గ్నియెజ్నో, పోజ్నాన్ ఊళ్ల చుట్టుపక్కల ఇతని వంశం, అంటే పియాస్ట్‌లు, బలపడింది. 965 ప్రాంతంలో ఇటు వచ్చిన యూదు యాత్రికుడు ఇబ్రాహీం ఇబ్న్ యాకూబ్, మియెష్కో దగ్గర 3,000 మంది కవచధారులున్నారని రాశాడు. 966లో మియెష్కో క్రైస్తవం తీసుకున్నాడు. భక్తి సంగతి ఎలా ఉన్నా, లెక్క మాత్రం స్పష్టం. పడమటి జర్మన్ ప్రభువులు మతం పేరు చెప్పి స్లావ్ తెగల మీద పడుతున్నారు. వాళ్ల చేతుల మీదుగా కాకుండా చెక్ రాకుమారి దోబ్రావాను పెళ్లాడి, ఆ దారిన బాప్టిజం తీసుకుంటే దాడికి సాకు పోతుంది. 1000లో గ్నియెజ్నోకు సొంత ఆర్చిబిషప్ వచ్చాడు. 1025లో మియెష్కో కొడుకు బొలెస్వాఫ్ కిరీటం పెట్టుకున్నాడు.

1138లో మరో బొలెస్వాఫ్ రాజ్యాన్ని కొడుకులకు పంచిపోయాడు. అన్నదమ్ముల వాటాలు మనకు కొత్త కాదు కాబట్టి వివరాలు వదిలేద్దాం. దాదాపు రెండు వందల ఏళ్లు దేశం ముక్కలుగానే ఉంది. ఆ ముక్కల్లో ఒకదాని ప్రభువు కోన్రాడ్, ఉత్తరాన ఉన్న ప్రష్యన్ తెగల బెడద తీర్చమని 1226లో ట్యూటానిక్ నైట్స్ అనే జర్మన్ యోధ సన్యాసులను పిలిచాడు. వాళ్లు బెడద తీర్చారు, ఆ నేల మీద తామే పాతుకుపోయారు. 1308లో గ్దాన్స్క్ రేవునూ పట్టుకున్నారు. తర్వాత పోలండ్‌ను పంచుకున్న ముగ్గురిలో ఒకటైన ప్రష్యాకు మూలం అక్కడుంది.

తూర్పు మలుపు

1320లో దేశం మళ్లీ ఒక్కటయ్యాక వచ్చిన కజిమియెజ్‌ను పోలండ్‌లో మహారాజు అంటారు. కొయ్య పోలండ్‌ను అందుకుని రాతి పోలండ్‌ను అప్పగించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1364లో క్రాకోవ్‌లో విశ్వవిద్యాలయం పెట్టాడు. యూదులకు 1264 నుంచి కొంత ప్రాంతంలో ఉన్న రక్షణ శాసనాన్ని రాజ్యమంతా అమలు చేశాడు. పడమటి దేశాల్లో తరిమివేతకు గురైన యూదులు ఇక్కడికి చేరడానికి అదొక కారణం.

నా దృష్టిలో ఇతను చేసిన అసలు పని వేరు. 1335లో సిలీషియా మీద హక్కు వదులుకుంటానని చెక్ రాజుతో ఒప్పందానికి వచ్చాడు. ఆ చెక్ రాజు బదులుగా పోలిష్ సింహాసనం తనదే అనడం మానుకున్నాడు. 1349 నాటికి తూర్పున ల్వూఫ్‌ను, అంటే నేటి యుక్రెయిన్‌లోని ల్వివ్‌ను, పట్టుకున్నాడు. ధనిక పడమటి జిల్లాను వదిలి, స్లావ్‌లే అయినా ఆర్థొడాక్స్ మతం, వేరే భాష ఉన్న తూర్పు నేలలోకి పోలండ్ అడుగు పెట్టింది అప్పుడే. ఆరు వందల ఏళ్ల తర్వాత స్టాలిన్ సరిగ్గా ఈ బేరాన్నే తిరగేశాడు. సిలీషియా ఇచ్చి ల్వూఫ్ తీసుకున్నాడు.

కజిమియెజ్‌కు కొడుకుల్లేరు. సింహాసనం హంగరీ బంధువులకు, వాళ్ల నుంచి యాద్విగ అనే పది పదకొండేళ్ల పిల్లకు వెళ్లింది. 1384లో ఆమెకు రాణిగా కాదు, రాజుగా పట్టం కట్టారు. ఆ పిల్లను ఎవరికిచ్చి చేయాలన్నది రాజకీయం. అప్పటికి ఐరోపాలో మిగిలిన ఆఖరి అన్యమత రాజ్యం లిథువేనియా. దాని ప్రభువు యగియెవో బాప్టిజం తీసుకుని 1386లో ఆమెను పెళ్లాడాడు. లిథువేనియా చిన్న దేశం కాదు, బెలారూస్, యుక్రెయిన్ నేలల్లో చాలా భాగం దాని ఏలుబడిలోనే ఉండేది. పోలండ్, లిథువేనియా కలిసి 1410లో గ్రున్‌వాల్డ్ దగ్గర ట్యూటానిక్ నైట్స్ నడుము విరగ్గొట్టారు. 1466లో గ్దాన్స్క్ తిరిగొచ్చింది.

గ్దాన్స్క్ రావడంతో కథ యుద్ధాల నుంచి ధాన్యం మీదికి మళ్లుతుంది. విస్తులా నది దేశం నడుమ నుంచి వచ్చి అక్కడే సముద్రంలో కలుస్తుంది. లోపలి పొలాల్లో పండిన రై, గోధుమ పడవల మీద గ్దాన్స్క్‌కు, అక్కడి నుంచి ఓడల మీద ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లేవి. పశ్చిమ ఐరోపా పట్టణాలు పెరిగేకొద్దీ ధాన్యం ధర పెరిగింది. ధర పెరిగితే రైతు బాగుపడాలి. ఇక్కడ తిరగబడింది. భూమి కులీనులది. వాళ్లకు కావాల్సింది ఎక్కువ ధాన్యం, తక్కువ కూలి. దానికి చట్టం చేయించుకున్నారు. ప్రతి రైతు ప్రభువు పొలంలో వారానికి కనీసం ఒక రోజు ఉచితంగా పనిచేయాలని 1520లో నిర్ణయించారు. శతాబ్దం చివరికి అది చాలాచోట్ల మూడు రోజులు, అంతకు మించి అయింది. ప్రభువు అనుమతి లేకుండా ఊరు వదిలి పోకూడదు. మన ఊళ్లలో వెట్టి అనే మాట విన్నవాళ్లకు ఇంతకన్నా వివరించక్కర్లేదు.

రాజును ఎన్నుకునే రాజ్యం

ఆ చట్టాలు చేయించుకున్న కులీన వర్గాన్ని ష్లాహ్తా అంటారు. జనాభాలో 8 నుంచి 10 శాతం దాకా ఉండేవాళ్లు. ఆనాటి ఐరోపాలో ఇంత పెద్ద కులీన వర్గం అరుదు. వీళ్లలో ఊళ్లకు ఊళ్లు ఉన్న జమీందార్లున్నారు, ఒక్క గుర్రం, ఒక కత్తి తప్ప ఏమీ లేని పేదలూ ఉన్నారు. కాగితం మీద అందరూ సమానం. తమ సమ్మతి లేకుండా రాజు కొత్త చట్టం చేయకూడదని 1505లోనే రాయించుకున్నారు. 1569లో లుబ్లిన్‌లో పోలండ్, లిథువేనియా కలిసి ఒకే రాజు, ఒకే పార్లమెంటు (దాని పేరు సెయ్మ్) ఉన్న రాజ్యమయ్యాయి. మూడేళ్లకు యగియెవో వంశం ఆఖరి రాజు వారసుడు లేకుండా పోయాడు. ఇక నుంచి రాజును ఎన్నుకుందాం అన్నారు.

1573లో వార్సా పక్కన మైదానంలో వేలాది మంది కులీనులు గుమిగూడి ఫ్రెంచ్ రాకుమారుడు హెన్రీని ఎన్నుకున్నారు. పట్టం కట్టే ముందు షరతుల పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు. రెండేళ్లకోసారి సెయ్మ్ పిలవాలి, మతం పేరుతో ఎవరినీ హింసించకూడదు, మాట తప్పితే ప్రజలకు రాజు మాట వినాల్సిన పనిలేదు. ఏడాది ముందే ప్యారిస్‌లో ప్రొటెస్టెంట్ల ఊచకోత జరిగిన సంగతి గుర్తుంచుకుంటే ఈ షరతుల విలువ తెలుస్తుంది. ఆ హెన్రీ మాత్రం అన్న చనిపోయాడని, ఫ్రాన్స్ సింహాసనం ఖాళీ అయిందని కబురందగానే 1574లో ఒక రాత్రి క్రాకోవ్ కోట నుంచి పారిపోయాడు.

దీన్ని వెక్కిరించడం తేలిక. కానీ ఆ కాలంలో మిగతా ఐరోపా రాజులు మా అధికారం దేవుడిచ్చింది అంటున్నప్పుడు, వీళ్లు రాజును జవాబుదారీగా నిలబెట్టారు. కాథలిక్, ప్రొటెస్టెంట్, ఆర్థొడాక్స్, యూదు, తాతార్ ముస్లిం అందరూ ఉన్న దేశాన్ని పెద్దగా మత యుద్ధాలు లేకుండా నడిపారు. నిజంగా గొప్ప విషయమే. లోపమల్లా ఇదంతా పదిమందిలో ఒకడికే వర్తించడం. తాము పురాతన సర్మేషియన్ వీరుల సంతతి అని, రైతుల రక్తం వేరని ష్లాహ్తా నమ్మేది కూడా.

రెండో లోపం సైన్యం. పెద్ద సైన్యం ఉంటే రాజు దాన్ని తమ మీదికే తిప్పుతాడని కులీనుల భయం. కాపలా కోసం పెంచిన కుక్క తమనే కరుస్తుందేమోనని కుక్కనే వద్దనుకున్నారు. పన్నులూ కట్టరు. 1648లో యుక్రెయిన్‌లో క్మెల్నిత్స్కీ నాయకత్వంలో కొసాక్కులు, అంటే అక్కడి సరిహద్దు మైదానాల యోధులు, తిరగబడ్డారు. తూర్పు జిల్లాల్లో పోలిష్ జమీందార్ల కింద నలిగిన రైతులు వాళ్లతో కలిశారు. ఆ హింసలో యూదులు వేల సంఖ్యలో చనిపోయారు. 1655లో స్వీడన్ వచ్చి దేశమంతా ఊడ్చింది. ఆ కాలాన్ని పోల్‌లు ఇప్పటికీ జలప్రళయం అంటారు. 1667లో నీపర్ నదికి తూర్పున ఉన్న యుక్రెయిన్, దాంతోపాటు కీవ్ రష్యాకు పోయాయి.

ఈ మధ్యలోనే, 1652లో, సెయ్మ్‌లో ఒకే ఒక్క సభ్యుడు లేచి ఒప్పుకోను అంటే సమావేశం రద్దయింది. దీన్నే లిబెరుమ్ వీటో అంటారు. ఒక్కడు అడ్డంపడితే ఆ సెయ్మ్‌లో అప్పటిదాకా చేసిన చట్టాలన్నీ పోతాయి. మొదట్లో అరుదు, పోనుపోను అలవాటు. 18వ శతాబ్దపు రాజు మూడో అగస్టస్ ముప్పై ఏళ్ల పాలనలో సవ్యంగా ముగిసిన సెయ్మ్ 1736లోది ఒక్కటే. ఒక్క సభ్యుణ్ణి కొంటే చాలు కాబట్టి రష్యా, ప్రష్యా, ఫ్రాన్స్ రాయబారులకు పని సులువైంది. 1717లో రష్యా సైన్యాల నీడలో, ఒక్క నోరూ పెగలకుండా జరిగిన సెయ్మ్, దేశ సైన్యాన్ని 24,000కు కుదించింది. 1740 నాటికి ఎంతో చిన్నదైన ప్రష్యాకు 80,000 సైన్యం ఉంది.

1683లో పోలిష్ రాజు యాన్ సోబియెస్కీ వెళ్లి ఒట్టోమన్ల ముట్టడి నుంచి వియన్నాను కాపాడాడు కదా అంటారు. కాపాడాడు. 89 ఏళ్లకు అదే వియన్నా, అంటే ఆస్ట్రియా, పోలండ్‌లో వాటా తీసుకుంది.

పంపకాలు

1772లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దేశంలో దాదాపు 30 శాతం కోసుకున్నాయి. దెబ్బ తగిలాక పోలండ్ నిజంగానే మేలుకుంది. 1773లో విద్యా కమిషన్ పెట్టింది. 1791 మే 3న రాజ్యాంగం తెచ్చింది. లిబెరుమ్ వీటో రద్దు, రాజరికం వంశపారంపర్యం, పట్టణవాసులకు హక్కులు, లక్ష సైన్యం లక్ష్యం. రైతులకు మాత్రం చట్టం నీడ ఉంటుందన్న మాట తప్ప పెద్దగా ఏమీ దక్కలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారని చాలామంది తేల్చేస్తారు. నాకు అది సగం నిజమే అనిపిస్తుంది. పోలండ్ చెడిపోయింది కాబట్టి పంచుకున్నారు అన్నది పంచుకున్నవాళ్లు చెప్పుకున్న కథ. వరస చూడండి. బలహీనంగా ఉన్నంతకాలం రష్యా దాన్ని అలాగే ఉంచడానికి కష్టపడింది. పోలిష్ ‘స్వేచ్ఛ’ను, అంటే వీటోను, కాపాడతామని పొరుగువాళ్లు తమలో తాము ఒప్పందాలు రాసుకున్నారు. బాగుపడటం మొదలయ్యాకే పూర్తిగా తుడిచేశారు. 1792లో రాజ్యాంగం నచ్చని కొందరు జమీందార్లు తర్గోవిత్సా కూటమి పేరుతో రష్యా రాణి కేథరిన్‌ను పిలిచారు. 1793లో రెండో పంపకం. 1794లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి వచ్చిన కొష్చూష్కో తిరుగుబాటు చేశాడు. కొడవళ్లను బల్లేలుగా మార్చుకున్న రైతులు రత్స్వావిత్సే దగ్గర రష్యా ఫిరంగుల మీదికి దూకి గెలిచారు. కానీ యుద్ధం పోయింది. 1795లో మూడో పంపకంతో దేశం అయిపోయింది. పోలండ్ రాజ్యం అన్న పేరు ఇకమీదట వాడకూడదని 1797లో ముగ్గురూ రహస్యంగా రాసుకున్నారు కూడా.

తర్వాతి 123 ఏళ్లలో మూడు ముక్కలు మూడు రకాలుగా బతికాయి. రష్యా ముక్కలో 1830లో, 1863లో తిరుగుబాట్లు, ఉరికంబాలు, సైబీరియా. బడుల్లో పోలిష్ పోయి రష్యన్ వచ్చింది. వార్సాలో అమ్మాయిలకు విశ్వవిద్యాలయం తలుపులు మూసి ఉండటంతో మరియా స్క్వొదోవ్‌స్కా రహస్యంగా ఇళ్లు మారుస్తూ నడిచే ‘ఎగిరే విశ్వవిద్యాలయం’లో చదివి, ప్యారిస్ వెళ్లి మేరీ క్యూరీ అయింది. 1898లో కనిపెట్టిన మూలకానికి, మ్యాప్‌లో లేని తన దేశం పేరు పెట్టి పొలోనియం అంది. ప్రష్యా ముక్కలో రోడ్లు, పరిశ్రమ, క్రమశిక్షణ, దాంతోపాటే జర్మన్ భాష రుద్దుడు. 1901లో వ్జెష్న్యా బడి పిల్లలు జర్మన్‌లో ప్రార్థన చెప్పం అని మొండికేసి దెబ్బలు తిన్నారు. ఆస్ట్రియా ముక్క గలీషియా. కటిక పేదరికం, కానీ 1867 తర్వాత పోలిష్ భాషకు, విశ్వవిద్యాలయాలకు అక్కడే ఊపిరి ఆడింది.

పాఠ్యపుస్తకాలు తిరుగుబాట్లనే పెద్దగా చెబుతాయి. 1846ను తక్కువ చెబుతాయి. ఆ ఏడాది గలీషియాలో కులీనులు ఆస్ట్రియా మీద లేవబోతే, పోలిష్ రైతులే వాళ్ల మీద పడి దాదాపు వెయ్యి మందిని చంపారు. వాళ్ల లెక్కలో శత్రువు చక్రవర్తి కాదు, వెట్టి చేయించే దొర. పోలండ్ అనేది దొరల ఆస్తి, అది పోతే మాకేం? ఆ ఒక్క ఏడాది చూస్తే, పాత రాజ్యం ఎందుకంత తేలిగ్గా కూలిందో వంద వీటోల కన్నా బాగా అర్థమవుతుంది. రైతు పోల్ కావడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. వెట్టి రద్దయింది. ఆస్ట్రియా 1848లో, రష్యా తన ముక్కలో 1864లో రద్దు చేశాయి. ఆ తర్వాత బడి, చర్చి, సహకార సంఘాలు మిగతా పని చేశాయి.

ఎక్కడ పెట్టాలి ఈ దేశాన్ని?

1918లో మూడు సామ్రాజ్యాలూ ఒకేసారి కుప్పకూలాయి. అది పోలిష్ నాయకుల ఘనత కాదు, కానీ అందుకోవడానికి వాళ్లు సిద్ధంగా ఉన్నారు. దేశాన్ని ఎక్కడ పెట్టాలి అన్న దగ్గర మాత్రం రెండు శిబిరాలు. యూజెఫ్ పిల్సూద్‌స్కీ పుట్టింది లిథువేనియాలో. పాత యగియెవోల కాలం లాగా లిథువేనియన్లు, బెలారూసియన్లు, యుక్రేనియన్లతో కూటమి కట్టి రష్యాను దూరం నెట్టాలన్నది అతని కల. రోమన్ ద్మోవ్‌స్కీది దీనికి పూర్తి వ్యతిరేకం. అసలు శత్రువు జర్మనీ, దేశం పడమరకు ఒరగాలి, పోల్‌లే ఉండాలి, యూదులకు చోటు లేదు అన్నాడు. మియెష్కో నాటి మ్యాప్ ఇతనికి ఆదర్శం.

1920 ఆగస్టులో బోల్షెవిక్ సైన్యాన్ని వార్సా గుమ్మం ముందు ఓడించి, 1921లో రీగాలో సంధి చేసుకున్నాక వచ్చిన దేశం రెండింటికీ చెందలేదు. కూటమి కాదు, కానీ జనాభాలో దాదాపు మూడో వంతు పోల్‌లు కారు. 1922లో మొదటి అధ్యక్షుడు నరుతోవిచ్ మైనారిటీ పార్టీల ఓట్లతో గెలిచాడని జాతీయవాదులు రగిలిపోయారు. పదవి చేపట్టిన ఐదో రోజున ఒక చిత్రకళా ప్రదర్శనలో అతన్ని కాల్చి చంపారు. 1926లో పిల్సూద్‌స్కీ సైన్యంతో వచ్చి అధికారం తీసుకున్నాడు.

1939 సంగతి పాఠకులకు తెలిసిందే. సెప్టెంబర్ 1న హిట్లర్, 17న స్టాలిన్. తూర్పు సగంలో సోవియట్ పోలీసులు లక్షల మందిని రైలు పెట్టెల్లో సైబీరియాకు, కజకిస్తాన్‌కు తరలించారు. 1940లో కాటిన్ అడవిలో, మరికొన్ని చోట్ల దాదాపు 22,000 మంది అధికారులు, బందీలను కాల్చి చంపారు. ఆ ప్రవాసం నుంచి బయటపడిన పిల్లల్లో కొన్ని వందల మందికి 1942లో నవానగర్ జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ గుజరాత్ తీరంలోని బాలాచడిలో ఆశ్రయమిచ్చారు. వార్సాలో ఒక కూడలికి మంచి మహారాజు పేరు పెట్టింది అందుకే. జర్మన్ల కింద జరిగింది ఇంకా ఘోరం. యుద్ధానికి ముందు పోలండ్‌లో ఉన్న 33 లక్షల యూదుల్లో సుమారు 30 లక్షల మందిని చంపేశారు. 1264 నుంచి పెరుగుతూ వచ్చిన లోకం నాలుగైదేళ్లలో బూడిదైంది.

1943లో టెహ్రాన్ సమావేశంలో చర్చిల్ అగ్గిపుల్లలు పేర్చి, పోలండ్‌ను పడమరకు ఎలా జరపొచ్చో స్టాలిన్‌కు చూపించాడు. 1945లో అదే జరిగింది. విల్నో (నేటి విల్నియస్), ల్వూఫ్ సోవియట్ యూనియన్‌కు పోయాయి. జర్మనీ నుంచి సిలీషియా, పొమెరేనియా వచ్చాయి. యుద్ధానికి ముందు దాదాపు 3,89,000 చదరపు కిలోమీటర్లున్న దేశం 3,12,000కు తగ్గింది. జర్మన్లను వెళ్లగొట్టారు, తూర్పు పోల్‌లను తెచ్చి దించారు. 1947లో ఆగ్నేయాన మిగిలిన దాదాపు 1,40,000 మంది యుక్రేనియన్లను, లెమ్కోలనే కార్పేతియన్ కొండల జనాన్ని పడమటి జిల్లాల్లో చెల్లాచెదురు చేశారు. బ్రెస్లావ్ అనే జర్మన్ నగరం వ్రోత్స్వాఫ్ అయింది. ల్వూఫ్ ప్రొఫెసర్లు అక్కడికి చేరారు. ల్వూఫ్ నుంచి నాటక రచయిత ఫ్రెద్రో విగ్రహాన్ని తెచ్చి, ఒకప్పుడు ప్రష్యా రాజు విగ్రహం ఉన్న చోట 1956లో నిలబెట్టారు.

2022లో యుక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతున్న మన తెలుగు పిల్లలు చాలామంది ల్వివ్ నుంచి చలిలో నడిచి మెదికా దగ్గర పోలండ్‌లోకి దాటారు. ఆ చెక్‌పోస్ట్ నిలబడింది 1945 నాటి ఈ గీత మీదే.

ఇందులో ఒక వింత ఉంది. ఒకే జాతి, ఒకే మతం, పడమటి సరిహద్దు అన్న ద్మోవ్‌స్కీ కల, అతను అసహ్యించుకున్న కమ్యూనిస్టుల చేతుల మీదుగా నిజమైంది. పార్టీ ఆ కొత్త జిల్లాలను ‘తిరిగి పొందిన నేలలు’ అంది, పియాస్ట్ రాజుల పేర్లు జపించింది. 1966లో చర్చి వెయ్యేళ్ల క్రైస్తవం జరుపుకుంటే, ప్రభుత్వం వెయ్యేళ్ల రాజ్యం అంటూ వెయ్యి బడులు కట్టే కార్యక్రమం నడిపింది. మియెష్కో ఇద్దరికీ కావాల్సి వచ్చాడు.

సాలిడారిటీ అనే కార్మిక సంఘం కథ చాలాసార్లు విన్నదే కాబట్టి తొందరగా చెబుతాను. 1980 ఆగస్టులో గ్దాన్స్క్ నౌకానిర్మాణ కేంద్రంలో, పింఛను ఐదు నెలలుందనగా క్రేన్ ఆపరేటర్ అన్నా వాలెంతినోవిచ్‌ను తీసేస్తే సమ్మె మొదలైంది. లెక్ వలేసా నాయకుడయ్యాడు. మూడున్నర కోట్ల దేశంలో దాదాపు కోటి మంది ఆ సంఘంలో చేరారు. 1846లో దొరలను నరికిన రైతుల వారసులు, చదువుకున్నవాళ్లు, పూజారులు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఈ దేశానికి కొత్త. 1981 డిసెంబర్ 13న జనరల్ యరుజెల్‌స్కీ సైనిక శాసనం పెట్టాడు. 1989 జూన్ ఎన్నికల్లో సెనేట్‌లోని 100 స్థానాల్లో 99 సాలిడారిటీ గెలుచుకుంది. 1999లో నాటో, 2004లో ఐరోపా యూనియన్.

దీనికన్నా తక్కువ మందికి తెలిసింది యెజీ గియెద్రోయిచ్ పని. ప్యారిస్ దగ్గర ‘కుల్తురా’ అనే ప్రవాస పత్రిక నడిపేవాడు. ల్వూఫ్, విల్నో మనవి కావు, ఇక రావు, అక్కడ స్వతంత్ర యుక్రెయిన్, లిథువేనియా, బెలారూస్ ఉంటేనే మనం రష్యా నుంచి బతుకుతాం అని ఆ పత్రిక దశాబ్దాల పాటు వాదించింది. ఇల్లు వాకిలి పోగొట్టుకున్న ప్రవాసులు తిట్టిపోశారు. కానీ 1991 డిసెంబర్ 2న యుక్రెయిన్ స్వాతంత్ర్యాన్ని అందరికన్నా ముందు గుర్తించిన దేశాల్లో పోలండ్ ఉంది. 2022లో లక్షల మంది యుక్రేనియన్లకు తలుపు తీసింది. అలాగని లెక్క తేలిపోలేదు. 1943లో వోలీనియాలో, అంటే నేటి పశ్చిమ యుక్రెయిన్‌లో, యుక్రేనియన్ జాతీయవాద దళాలు పదుల వేల మంది పోల్‌లను చంపిన ఘటన మీద రెండు ప్రభుత్వాలూ ఇప్పటికీ తగువు పడుతున్నాయి.

పోలండ్‌లో ఎన్నికలు జరిగినప్పుడల్లా పత్రికలు ఒక మ్యాప్ వేస్తాయి. పడమర, ఉత్తరం ఉదారవాద పార్టీలకు, తూర్పు, ఆగ్నేయం సంప్రదాయవాదులకు మొగ్గుతాయి. ఆ విభజన గీత చాలాచోట్ల పాత ప్రష్యా సరిహద్దు మీదే నడుస్తుంది. ప్రష్యా నాగరికత ప్రభావం అని తేలిగ్గా రాసేస్తారు. పోజ్నాన్ విషయంలో కొంత నిజం ఉండొచ్చు, అక్కడి కుటుంబాలు తరతరాలుగా అక్కడే ఉన్నాయి. వ్రోత్స్వాఫ్, ష్చెచిన్ ప్రాంతాల్లో మాత్రం ఆ మాట నిలవదు. ప్రష్యా చూసిన జనం 1945 తర్వాత వెళ్లిపోయారు. ఇప్పుడు ఓటేస్తున్నది తూర్పు నుంచి, దేశం నడుమ నుంచి మూటాముల్లెలతో వచ్చి దిగినవాళ్ల సంతానం. తాతల ఊరు, తాతల చర్చి, తాతల పొలం వెంట తెచ్చుకోలేనివాళ్ల ఓటు తీరు, గలీషియాలో రెండు వందల ఏళ్లుగా ఒకే ఊళ్లో ఉన్నవాళ్ల ఓటు తీరులా ఉండదు. ఆ జిల్లాల రంగుకు కారణం వెతకాల్సింది 1795లో కన్నా 1945లోనే.